పక్క సీట్లో నిద్ర

మా ఊళ్లో కారు నడిపేవాళ్లలో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది బ్రేకు మాస్టారే. నాకూ ఆయనే నేర్పారు. డ్రైవింగ్ స్కూలు కారులో పక్కసీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు కంగారులో గోడ మీదికో, చెత్తకుండీ మీదికో పోతున్నప్పుడు పక్కన కూర్చున్నవాళ్లు తొక్కడానికి. ఏళ్ల తరబడి ఆ బ్రేకు పక్కన కాలు పెట్టుకుని కూర్చున్నారు కాబట్టి ఆయనకా పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు లైసెన్సు మీద ఉంది. దానితో ఎవరికీ పని పడలేదు.

ఆయనది భారీ విగ్రహం. చొక్కా పైగుండీ పెట్టుకోవడం పెళ్లిఫొటోతో ఆఖరు. ఆ తర్వాత మెడ పెరిగింది, గుండీ పెరగలేదు. మాట నెమ్మది. కోపం రాదు. కోపం రావాలంటే ముందు మెలకువగా ఉండాలి. ఆయనకు అంత తీరిక దొరికేది కాదు.

కారు మెయిన్‌రోడ్డెక్కి మూడో గేరులో పడిందంటే ఆయన తల మెల్లగా కిటికీవైపు వాలేది. నోరు కొంచెం తెరుచుకునేది. రెండు సందులు దాటేసరికి గురక మొదలయ్యేది. మొదటిసారి చూసినవాళ్లు హడలిపోయేవాళ్లు. రెండోవారానికి అలవాటుపడేవాళ్లు. మూడోవారానికి గర్వపడేవాళ్లు.

"మాస్టారు నిద్రపోయారంటే నీ చేతి మీద నమ్మకం కుదిరిందన్నమాట" అని పాతవాళ్లు కొత్తవాళ్లకు చెప్పేవాళ్లు. ఎవరు నడుపుతుంటే ఎంత తొందరగా నిద్రపోయారన్నదే మాకు మార్కులు. నేను నడుపుతుంటే పోస్టాఫీసు దాటకముందే నిద్రపోయేవారు. ఆ సంగతి ఇంట్లో చెప్పుకున్నాను. మా నాన్న కూడా సంతోషించాడు.

స్కూలు ఆయన బావమరిదిది, అంటే భార్య తమ్ముడిది. పక్కవీధిలో ఇంకో డ్రైవింగ్ స్కూలుంది. అక్కడి మాస్టారు గొంతు చించుకుని అరుస్తాడనీ, గేరు తప్పు వేస్తే స్కేలుతో చేతిమీద కొడతాడనీ పేరు. అందుకని ఊళ్లోని భయస్థులంతా ఇటే వచ్చేవాళ్లు. "మా బావ దగ్గర టెన్షనే ఉండదండీ" అని బావమరిది అందరికీ హామీ ఇచ్చేవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఇంట్లో కూడా ఆయన నిద్రకు మంచి పేరే ఉండేది. సాయంత్రం కుర్చీలో కూర్చుని మేజోళ్లు విప్పుకుంటూ నిద్రపోయేవారు. ఒకటి చేతిలో, ఒకటి కాలికి. చుట్టాలొస్తే "ఏం, అంతా బావున్నారా?" అని అడిగి, జవాబు వచ్చేలోపు నిద్రపోయేవారు. "అదృష్టజాతకుడు, తల ఆనిస్తే చాలు" అనేవాళ్లు చుట్టాలు, తమకు నిద్ర పట్టని రాత్రులు గుర్తు చేసుకుంటూ. గురక సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒకసారి ఎదురింటాయన వచ్చి తలుపు కొట్టాడు.

"మీ నీళ్ల మోటారు ఆపడం మర్చిపోయినట్టున్నారండీ" అన్నాడు.

"మోటారు కాదండీ, మా ఆయన" అంది మాస్టారి భార్య. ఎదురింటాయన క్షమించమని వెళ్లిపోయాడు.

కానీ ఆ నిద్ర ఆయనకు ఎక్కడా సరిపోయేది కాదు. పొద్దున్నే లేచేసరికి తల దిమ్ముగా, నొప్పిగా ఉండేది. నోరు పిడచకట్టుకుపోయేది. రాత్రిళ్లు ఒకటికి నాలుగుసార్లు బాత్రూముకు లేవాల్సి వచ్చేది. ఒక మాట చెబుతూ చెబుతూ ఎందుకు మొదలుపెట్టారో మర్చిపోయేవారు. బీపీ మాత్ర ఒకటి రెండయింది, అయినా బీపీ దిగలేదు. యాభై దాటాయి కదా, వయసు అనుకున్నారు. ఎనిమిది గంటలు పడుకున్నా చాలడం లేదంటే తొమ్మిది గంటలు పడుకోవాలని లెక్క వేసుకున్నారు. తొమ్మిదీ చాలకపోతే పది. చిల్లుబిందెలో ఎన్ని నీళ్లు పోశామన్నది ఆయన చూసుకున్నారు గానీ చిల్లెక్కడుందో చూసుకోలేదు.

వైద్యం కూడా సొంతంగానే మొదలుపెట్టారు. చిక్కటి కాఫీ తాగి కారెక్కారు, నిద్రపోయారు. మెడమీద తడిరుమాలు వేసుకున్నారు, ఆ చల్లదనానికి ఇంకా హాయిగా నిద్రపోయారు. బుగ్గన అల్లంముక్క పెట్టుకుని నిద్రపోయి, మధ్యలో అది గొంతుకు అడ్డంపడి దగ్గుతో లేచి, "సెకండ్ గేర్" అన్నారు. నేర్చుకునే అమ్మాయి ఆ సమయానికి కారు ఆపి, వీధిలో కొబ్బరిబొండాం తాగుతోంది.

చివరికి బావమరిది బుర్రకు ఒక ఆలోచన తట్టింది.

"బావా, రాత్రి గట్టిగా నిద్రపోతే పగలు నిద్ర ఎందుకొస్తుంది చెప్పు? మా అత్తగారి నిద్రమాత్రలున్నాయి. సగం వేసుకో."

ఎవరికైనా సబబుగా కనిపించే మాటే అది. మాస్టారు సగం మాత్ర వేసుకున్నారు. మర్నాడు కాలేజీ కుర్రాడొకడు పాఠం అయ్యాక ఆయన్ని ఎంత కుదిపినా లేపలేక, కారును మాస్టారి ఇంటిముందు పెట్టి, బెల్లు కొట్టి, తాళంచెవి ఆయన భార్య చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఆవిడ ఆయన్ని లోపలికి తీసుకొచ్చి పడుకోబెట్టింది. ఆ మాత్రల అట్ట తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది. తమ్ముడితో రెండ్రోజులు మాట్లాడలేదు.

ఇలా ఉండగా బేకరీ ఆవిడ డ్రైవింగ్ నేర్చుకోవడానికి చేరింది.

మూలమలుపులో ఉన్న బేకరీ ఆవిడదే. కేకులు తనే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చుకోవచ్చని ఒక పాత వ్యాను కొనుక్కుంది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. పిండి కొలత తప్పితే కేకు పొంగదు, కాబట్టి ఆవిడ ఏ విషయంలోనూ కొలత తప్పదు. క్లచ్ సగం వదలమంటే సగమే వదిలేది. మాస్టారికి ఇలాంటి విద్యార్థులంటే ప్రాణం. త్వరగా నిద్ర పట్టేది.

ఆ రోజు మధ్యాహ్నం మెయిన్‌రోడ్డెక్కగానే "నేరుగా పోనివ్వండమ్మా" అన్నారాయన. అని, తల వాల్చేశారు.

ఆవిడ నేరుగా పోనిచ్చింది. రెగ్యులరుగా తిరిగే మలుపు వచ్చింది. తిరగమని మాస్టారు చెప్పలేదు. "నేరుగానేనా మాస్టారూ?" అని అడిగింది. నిద్రలో ఆయన "ఊఁ" అన్నారు. సిగ్నలు దాటింది. గోడౌన్లు దాటింది. ఇళ్లు అయిపోయి పొలాలు వచ్చాయి. "ఇంకా నేరుగానేనా?" "ఊఁ." వెనక్కి తిప్పడం వచ్చేవారం పాఠం. మధ్యలో ఎందుకు ఆపారని అడిగితే ఏం చెప్పాలో ఆవిడకు తెలియలేదు. ఇది ఏదో పరీక్ష అయ్యుంటుందనుకుంది. భుజాలు పట్టేశాయి. అయినా స్టీరింగు వదల్లేదు.

చివరికి రోడ్డే అయిపోయింది. ఎదురుగా నది. పడవలోకి బళ్లు ఎక్కించే ఏటవాలు రేవు అది. పడవ అవతలి ఒడ్డున ఉంది.

"మాస్టారూ, నీళ్లొచ్చాయి" అందావిడ.

"ఊఁ" అన్నారు మాస్టారు.

ఈసారి మాత్రం ఆవిడ మాట వినలేదు. బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. కారు ముందుచక్రాలు తడిసిన సిమెంటు మీద ఆగాయి. కుదుపుకు లేచిన మాస్టారు ఎదురుగా చూసి, చాలాసేపు నదిని పరిశీలించి, "క్లచ్ కూడా నొక్కాలి, లేకపోతే ఇంజను ఆగిపోతుంది" అన్నారు. ఇంజను అప్పటికే ఆగిపోయింది.

వెనక్కి తానే నడుపుతానని మాస్టారు స్టీరింగు ముందుకు వచ్చారు. ఆవిడ పక్కసీట్లోకి వెళ్లింది. ఇంతవరకూ జరిగింది తర్వాత మా ఊరంతా చెప్పుకుని నవ్వుకుంది. ఆ తర్వాతది చెప్పేటప్పుడు ఎవరూ నవ్వరు.

పొలాల మధ్య రోడ్డు తిన్నగా ఉంది. ఎండ మగత పుట్టించేలా ఉంది. మాస్టారు ఏదో మాట్లాడుతున్నారు. మాట మధ్యలో ఆగింది. ఆవిడ తలతిప్పి చూసింది. ఆయన చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, కళ్లు మూసుకుపోయి ఉన్నాయి. కారు మెత్తగా, ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు, రోడ్డు అవతలి పక్కకు జరుగుతోంది. ఎదురుగా ఇసుక లారీ వస్తోంది. లారీ హారను మోగుతూనే ఉంది.

ఆవిడకు అరవాలని తోచలేదు. కాలి కింద ఏదో తగిలింది. పక్కసీటు బ్రేకు. బలమంతా పెట్టి తొక్కింది, ఒక చేత్తో స్టీరింగును తనవైపుకు లాగింది. కారు గిర్రున తిరిగి రోడ్డు పక్క గడ్డిలో ఆగింది. లారీ గాలికి కిటికీలు దడదడలాడాయి.

మాస్టారి ముఖం పాలిపోయి ఉంది. బోనెట్టు మీద ఒక మిడత వచ్చి వాలింది. ఇద్దరూ దాన్నే చూశారు.

"కళ్లు మూతపడినట్టు కూడా నాకు తెలీదమ్మా" అన్నారాయన చివరికి.

"మీరు ఇటు రండి మాస్టారూ. నేను నడుపుతాను."

ఆవిడే ఊళ్లోకి నడిపింది. దారిలో మాస్టారు నిద్రపోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తప్పు చేసి ప్రిన్సిపాలు గది బయట నిలబడ్డవాడిలా కూర్చున్నారు.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. మర్నాడు పొద్దున మాస్టారి భార్య రొట్టె కొనడానికి బేకరీకి వెళ్లింది. బేకరీ ఆవిడ ఏదీ ఎక్కువ చెయ్యకుండా, తక్కువ చెయ్యకుండా, కొలత ప్రకారం అంతా చెప్పింది. మాస్టారి భార్య కౌంటరు పట్టుకుని విన్నది. "ఇవాళ రొట్టె వద్దులెండి" అని ఇంటికి వచ్చేసింది.

ఇంటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేసి పిలిపించింది. మొగుణ్ణి ఎదురుగా నిలబెట్టి ఒకటే మాట చెప్పింది. "డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం."

"నాకేమైంది? నిద్రపోవడం కూడా జబ్బేనా?" అన్నారు మాస్టారు.

"అదే కదక్కా" అన్నాడు తమ్ముడు. "నిద్ర పట్టనివాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్తారు గానీ, పట్టేవాళ్లు వెళ్లడం ఎక్కడైనా ఉందా? పైగా ఊళ్లో తెలిస్తే స్కూలుకు చెడ్డపేరు. దీన్ని పెద్దది చెయ్యకు."

"ఆవిడ బ్రేకు తొక్కకపోయుంటే ఈపాటికి నువ్వు నన్ను ఓదార్చడానికి వచ్చి ఉండేవాడివి" అందావిడ. "కూర్చో. కాఫీ తాగు. మాట్లాడకు."

తమ్ముడు కూర్చుని కాఫీ తాగాడు.

ఆస్పత్రిలో సంగతి విని వాళ్లను పంపింది ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి. నిద్రకూ ఊపిరితిత్తులకూ ఏం సంబంధమని మాస్టారు వెయిటింగు హాల్లో భార్యతో వాదించారు. వాదన సగంలో నిద్రపోయారు. నంబరు పిలిచినప్పుడు ఆవిడే లేపింది.

"రాత్రి నిద్ర ఎలా పడుతుంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"బ్రహ్మాండంగా పడుతుందండీ."

"గురక?"

"ఉందంటారు. నేనెప్పుడూ వినలేదు."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి ఆయన భార్యవైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా. రాత్రి ఏం జరుగుతుందో ఆయనకు తెలీదు. తెలిసేది మీకే."

ఆవిడ చీరకొంగు సర్దుకుంది. అంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ ఆవిడను అడగలేదు.

"గురకతో నాకే ఇబ్బందీ లేదండీ. గురక ఉన్నంతసేపూ నాకు ధైర్యమే. ఆగినప్పుడే భయం. ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఊపిరి కూడా ఆగిపోతుంది. పొట్ట ఎగిరెగిరి పడుతుంటుంది గానీ గాలి లోపలికి పోదు. నేను మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ ఉంటాను. మరీ ఎక్కువైతే మోచేత్తో పొడుస్తాను. అప్పుడు నీళ్లలో మునిగి తేలినవాళ్లలాగా ఒక్క పెట్టున ఊపిరి పీల్చి, మళ్లీ గురక పెడతారు. హమ్మయ్య అనుకుని కళ్లు మూస్తాను. మళ్లీ ఆగుతుంది."

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"మా అమ్మాయి హైస్కూల్లో చేరినప్పట్నుంచీ."

ఆ అమ్మాయికి ఇప్పుడు ఉద్యోగం వచ్చి రెండేళ్లు దాటింది. మాస్టారు భార్యవైపు చూశారు.

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పను? చెబుదామని కూర్చుంటే నిద్రపోతారుగా."

డాక్టరమ్మ లేచి ఆయన నోరు తెరిపించి టార్చి వేసి చూసింది. టేపు తీసుకుని దర్జీలాగా మెడ కొలిచింది. బీపీ చూసి పెదవి విరిచింది. తర్వాత కూర్చుని నిదానంగా చెప్పింది.

"మీరు రాత్రి పడుకుంటున్నారు గానీ నిద్రపోవడం లేదు. నిద్రలో అందరికీ గొంతు కండరాలు వదులవుతాయి. మీకు మరీ వదులై, గాలి వెళ్లే దారి మూసుకుపోతోంది. ఊపిరందక మెదడు మిమ్మల్ని లేపుతుంది. ఆ లేవడం మీకు గుర్తుండదు. మళ్లీ పడుకుంటారు, మళ్లీ మూసుకుంటుంది. రాత్రంతా ఇదే కుస్తీ. ఇంక పగలు నిద్ర రాక ఏమొస్తుంది? మీ తలనొప్పి, దిగని బీపీ కూడా దీనివల్లే కావచ్చు. ఇలాగే వదిలేస్తే గుండెకు కూడా మంచిది కాదు."

"గురక పెట్టేవాళ్లందరికీ ఇంతేనాండీ?" అడిగిందావిడ.

"అందరికీ కాదమ్మా. ఉత్త గురక వేరు. కానీ గురక మధ్యలో ఊపిరి ఆగుతోందన్నా, ఉక్కిరిబిక్కిరై లేస్తున్నారన్నా, ఎంత పడుకున్నా పగలు కూర్చున్నచోట కునుకొస్తోందన్నా చూపించుకోవాలి. బండి నడుపుతూ కన్ను మూతపడిందంటే ఇక రేపు మాపు అనకూడదు. ఆ రోజే రావాలి."

"మా తమ్ముడు నిద్రమాత్ర ఇచ్చాడు" అందావిడ. తమ్ముణ్ణి ఎవరో ఒకరికి అప్పజెప్పాలని ఆవిడ చాలారోజులుగా చూస్తోంది.

"వదులుగా ఉన్న గొంతును ఇంకా వదులు చేస్తాయవి. మద్యం తాగినా అంతే. ఒకరి మాత్ర ఇంకొకరికి ఇవ్వొద్దని మీ తమ్ముడికి చెప్పండి."

"చెబుతాను" అందావిడ. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖం కొంచెం తేటపడింది.

డాక్టరమ్మ మాస్టారివైపు తిరిగింది. "పరీక్ష చేయించాలి. వైద్యం పనిచేస్తోందని నేను చెప్పేవరకూ స్టీరింగు ముట్టుకోకూడదు. పక్కసీటు కూడా వద్దు."

"పక్కసీట్లో నేను నడపనుగా డాక్టరమ్మా."

"మరి అక్కడ మీ పనేంటి?"

మాస్టారు ఆలోచించారు. "బ్రేకు తొక్కడం."

"నిద్రలో తొక్కగలరా?"

ఆయన వంగి తన కాలివైపు చూసుకున్నారు.

పరీక్షకు ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకోవాల్సి వచ్చింది. తలకూ ఛాతీకీ కాళ్లకూ వైర్లు అంటించారు, వేలికి ఒక క్లిప్పు పెట్టారు. ఇన్ని వైర్ల మధ్య మనిషికి నిద్రెలా పడుతుందని భార్య బెంగపడింది. ఆయన మాత్రం చివరి వైరు అంటించేలోపే నిద్రపోయారట. పొద్దున్న "సుఖంగా నిద్రపోయాను" అని టెక్నీషియనుతో చెప్పారు. అతను కంప్యూటరు తెర చూపించాడు. గంటకు నలభైసార్లకు పైగా ఊపిరి ఆగడమో, సన్నబడటమో జరిగింది.

"ఇది నాదేనా?" అన్నారు మాస్టారు.

"రాత్రి ఇక్కడ పడుకుంది మీరొక్కరేనండీ" అన్నాడతను.

వైద్యం అంటే మాత్ర ఇస్తారనుకున్నారాయన. ఇచ్చింది ఒక యంత్రం. టిఫిను డబ్బా అంత పెట్టె, దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించుకునే మాస్కు. అది రాత్రంతా మెల్లగా గాలి ఊదుతూ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. బరువు తగ్గమన్నారు, పక్కకు తిరిగి పడుకోమన్నారు, అవన్నీ సరే, ముందు ఇది.

మొదటి రాత్రి మాస్కు తగిలించుకున్నారు. పొద్దున్న చూస్తే అది మంచం కింద ఉంది. రెండో రాత్రి తలగడ కింద. వారం తిరక్కుండానే యంత్రం బీరువా పైకి చేరింది.

"ముక్కులో ఫ్యాను పెట్టుకుని ఎవరు పడుకుంటారు?" అన్నారాయన.

భార్య పోట్లాడలేదు. తన తలగడ, దుప్పటి చుట్టబెట్టుకుంది.

"మీకిష్టం లేకపోతే మానెయ్యండి. నేను మాత్రం ఇక కాపలా కాయలేను. నాకు ఓపిక అయిపోయింది" అని చెప్పి ముందుగదిలోకి వెళ్లి పడుకుంది.

ఆ మాటలో కోపం లేకపోవడమే ఆయన్ని ఇబ్బంది పెట్టింది. మర్నాడు పొద్దున్నే స్టూలు వేసుకుని యంత్రం కిందికి దించారు. ఆస్పత్రికి పట్టుకెళ్లి, తనకు పడటం లేదని చెప్పారు. అక్కడివాళ్లు ఆశ్చర్యపోలేదు. మాస్కు సైజు పెద్దదైందనీ, పక్కలనుంచి గాలి పోతోందనీ చెప్పి చిన్నది ఇచ్చారు. ముక్కు ఎండిపోకుండా నీళ్లు పోసే అర చూపించారు. పగటిపూట మెలకువగా ఉన్నప్పుడు కాసేపు తగిలించుకుని అలవాటు చేసుకోమన్నారు. దాంతో మాస్టారు సాయంత్రాలు మాస్కు పెట్టుకుని టీవీ ముందు కూర్చునేవారు. ఎదురింటాయన ఏదో పనిమీద వచ్చి, గుమ్మంలోంచే చూసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

కొన్ని వారాలు పట్టింది. ఒకరోజు పొద్దున్న ఆయన అలారం కంటే ముందే లేచారు. తల నొప్పిగా లేదు. ఏదో తేడాగా ఉందని మంచంమీదే కూర్చుని ఆలోచించారు. వీధిలోకి వెళ్లి నిలబడ్డారు. పాల వ్యాను, పేపరు సైకిలు, ఎదురింటి గోడమీద పిల్లి, అన్నీ అంచులు గీసినట్టు కనిపించాయి. ఆ రాత్రి టీవీలో వార్తలు మొదటినుంచి చివరిదాకా చూశారు. ఎన్నో ఏళ్ల తర్వాత అదే మొదటిసారి.

"రోజూ ఇలాగే ఉంటాయా?" అని భార్యను అడిగారు.

"ఇవాళ నయం" అందావిడ.

ఈలోపు స్కూల్లో మాస్టారి పని బోర్డు మీద రోడ్డు గుర్తులు చెప్పడం. పక్కసీట్లో బావమరిది కూర్చోవాల్సి వచ్చింది. ఒక్క వారంలో అతని బరువు తగ్గింది. ఒకామె బ్రేకనుకుని యాక్సిలేటరు తొక్కి అతన్ని కూరగాయల బండి దాకా తీసుకెళ్లింది. రెండు చేతులతో తల పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు.

"బావ ఇన్నేళ్లు ఈ పని ఎలా చేశాడక్కా?"

"నిద్రపోయి" అంది అక్క.

రోజూ యంత్రం ఎంతసేపు వాడుతున్నదీ అందులోనే నమోదవుతుంది. డాక్టరమ్మ అది చూసింది, పగలు కునుకు వస్తోందా అని అడిగింది, బీపీ చూసింది, కొంచెం దిగింది. ఇక కారెక్కవచ్చని చెప్పింది. "యంత్రం మానేస్తే కారు కూడా మానెయ్యాలి" అని మరీ మరీ చెప్పింది.

మాస్టారు మళ్లీ పక్కసీట్లో కూర్చున్నారు, ఈసారి కళ్లు తెరుచుకుని. అంతవరకూ తాను ఎలాంటి చోట కూర్చున్నదీ అప్పుడు తెలిసింది. జనం అద్దం చూడకుండా మలుపు తిప్పుతున్నారు. ఎడమ ఇండికేటరు వేసి కుడికి పోతున్నారు. ఒకతను కళ్లు మూసుకుని రివర్సు చేస్తున్నాడు, చూస్తే భయం వేస్తోందట. మొదటిరోజు సాయంత్రం ఇంటికొచ్చి మాస్టారు మంచినీళ్లు అడిగారు. చెంబెడు తాగారు.

"మాస్టారు మారిపోయారు" అని నేర్చుకునేవాళ్లు ఫిర్యాదు చేశారు. "ఇదివరకు ఎంత ప్రశాంతంగా ఉండేవారు! ఇప్పుడు అడుగడుగునా బ్రేకు." ఇద్దరు ముగ్గురు పక్కవీధి స్కూలుకు వెళ్లిపోయారు. స్కేలు దెబ్బలు తిని తిరిగొచ్చారు.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆయన బస్టాపులో కనిపిస్తే కారు ఆపి ఎక్కించుకున్నాను. నా డ్రైవింగు చూసి సంతోషిస్తారనుకున్నాను. ఆయన రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని కూర్చున్నారు. సిగ్నలు దగ్గర ఆగాక అడిగారు.

"నీకు నేర్పిందెవరు?"

"మీరే మాస్టారూ."

"మలుపు దగ్గర అద్దం చూడాలని చెప్పలేదూ?"

"ఆ పాఠానికి మీరు..." అని ఆగిపోయాను.

ఆయన కాసేపు ఎర్రలైటు వైపు చూశారు. "రేపు పొద్దున్నే స్కూలుకు రా" అన్నారు. వెళ్లాను. అక్కడ నాలాంటి పాతవాళ్లు మరో నలుగురు కూర్చుని ఉన్నారు. అందరం అద్దం చూడటం నేర్చుకున్నాం.

బేకరీ ఆవిడకు లైసెన్సు మొదటిసారే వచ్చింది. కారు వెనక్కి తిప్పడం మాస్టారు దగ్గరుండి నేర్పించారు. ఆ మధ్యాహ్నం గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కాకపోతే కొన్నాళ్లపాటు, మాస్టారి భార్య రొట్టె కొనడానికి వెళ్లినప్పుడల్లా బేకరీ ఆవిడ "ఎలా ఉన్నారు?" అని అడిగేది, ఈవిడ "మెలకువగా ఉన్నారు" అనేది.

జబ్బు పూర్తిగా పోయిందని కాదు. ఒకసారి కరెంటు పోయి యంత్రం ఆగిపోతే మర్నాడు కళ్లు బరువెక్కాయి. ఆయన స్కూలుకు ఫోన్ చేసి, ఇవాళ కారెక్కనని చెప్పి, బోర్డు మీద గుర్తులు చెప్పుకున్నారు. పక్కసీట్లో బావమరిదే కూర్చున్నాడు.

విచిత్రమేమిటంటే, మాస్టారు కుదురుకున్నాక కూడా ఆయన భార్యకు నిద్ర పట్టలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నా ఆవిడ చెవులు తెరుచుకునే ఉండేవి. ఉలిక్కిపడి లేచి, గొట్టం మీద చెయ్యి పెట్టి గాలి వస్తోందో లేదో చూసేది. ఆ తర్వాత గడియారం చూస్తూ తెల్లవార్లూ గడిపేది. ఇది కూడా అలవాటేలే, పోతుందనుకుంది. వారాలు గడిచినా పోలేదు. పొద్దున్నే చిరాకు, పొయ్యిమీద ఏం పెట్టిందో మర్చిపోవడం మొదలయ్యాయి. ఈసారి మాస్టారే అన్నారు.

"డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం."

"నాకేమైంది?" అంది ఆవిడ.

"కాఫీ తాగు, మాట్లాడకు" అన్నారాయన.

డాక్టరమ్మ ఆవిడకు మాత్రలేమీ రాయలేదు. ఏళ్లతరబడి కాపలా కాసిన మనిషికి ఇక కాయక్కర్లేదని ఒంటికి తెలియడానికి టైము పడుతుందని చెప్పింది. గడియారాన్ని మంచం దగ్గర్నుంచి తీసెయ్యమంది. నిద్ర రాకపోతే దొర్లకుండా లేచి వేరే గదిలో ఏదైనా చదువుకుని, మగత వచ్చాకే మంచం ఎక్కమంది. రాత్రి ఎలా గడిచినా పొద్దున్న ఒకే వేళకు లేవమంది. సాయంత్రం కాఫీ మానమంది. ఇదంతా చేసినా మార్పు లేకపోతే మళ్లీ రమ్మంది, దానికి వేరే నిపుణులున్నారని చెప్పింది. ఆవిడ అన్నీ చేసింది, సాయంత్రం కాఫీ విషయంలో తప్ప. అది మానడానికి ఇంకో నెల పట్టింది. నిద్ర మాత్రం కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది.

చాలా ఏళ్లుగా ఆవిడ చెల్లెలు రమ్మని పిలుస్తూనే ఉంది. ఈవిడ ఎప్పుడూ పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసేది. ఒక్క రాత్రి కూడా ఉండేది కాదు. అక్కకు తనంటే ప్రేమ లేదని చెల్లెలు అలిగేది. మొగుణ్ణి వదిలి ఉండలేదని మరుదులు నవ్వేవాళ్లు. రాత్రి ఆయన్ని మోచేత్తో పొడిచేవాళ్లెవరుంటారని ఆవిడ భయమని ఎవరికీ తెలియదు. ఆ ఎండాకాలం మొదటిసారి నాలుగు రోజుల బట్టలు సర్దుకుని వెళ్లింది.

మర్నాడు మాస్టారు పాఠానికి బయల్దేరుతుంటే మరదలి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. గొంతులో కంగారు.

"బావా, పదకొండవుతోంది. అక్క ఇంకా లేవలేదు. రెండుసార్లు పిలిచాను, పలకలేదు. నాకు భయంగా ఉంది."

"ఊపిరి తీస్తోందా?" అన్నారు మాస్టారు.

మరదలు వెళ్లి చూసి వచ్చింది. "తీస్తోంది బావా. హాయిగా తీస్తోంది. నోరు కూడా కొంచెం తెరుచుకుని ఉంది."

"అయితే ఉండనీ" అన్నారాయన. "కిటికీ తెర వెయ్యి, ఎండ ముఖంమీద పడుతుందేమో."

ఫోను పెట్టేసి, కారెక్కి, సీటు బెల్టు పెట్టుకున్నారు. ఆ రోజు స్టీరింగు ముందున్నది కొత్తగా చేరిన కుర్రాడు. మాస్టారు ఇంతకుముందు మంచి నిదానస్తుడని విని చేరాడు.

"అద్దం చూసుకో" అన్నారు మాస్టారు.